గంపగుత్త బేరంలో ఆటల చందా



మొన్న నెలాఖరున ఇంటి ఖర్చుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పాలు, గ్యాసు, కరెంటు అన్నీ తెలిసిన పద్దులే. వాటి మధ్య మూడు కొత్త పద్దులు తేలాయి. "కేబుల్ తీయించేస్తే నెలకు మూడొందలు మిగులుతాయమ్మా" అని మా అబ్బాయి అంటే సరేనన్నాను. ఆ మిగులుతో అత్తయ్యగారికి కొత్త కళ్ళజోడు చేయిద్దామని నా ఆశ. మిగలడం మాట అటుంచి, ఆటలు చూపించే మూడు యాప్‌లకు అంతకంటే ఎక్కువే పోతోంది. అందులో ఒకదానికి, మావాడు చూసే ఆటలు ముగిసి నాలుగు నెలలైనా, బాంకు ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్ళిపోతోంది. అత్తయ్యగారికి సీరియలూ పోయె, కళ్ళజోడూ రాకపోయె!

అసలీ బేరం ఎలా నడుస్తుందో చూద్దాం. సంతలో గంపగుత్త బేరం మనకు తెలిసిందే కదా. ఒకావిడకు సీరియళ్ళకు 100 రూపాయలైనా ఇవ్వాలనిపిస్తుంది, క్రికెట్‌కైతే 40. ఎదురింటాయనకు క్రికెట్‌కు 100, సీరియళ్ళకు 40. విడివిడిగా నూరేసి రూపాయలకు అమ్మితే ఇంటికి 100 మాత్రమే వస్తుంది. రెండూ కలిపి 140 అంటే ఇద్దరూ కొంటారు. అమ్మేవాడికి లాభం, కొన్నవారికీ కష్టం లేదు. నష్టమల్లా క్రికెట్ ఒక్కటే కావలసిన మూడో ఇంటివారికి. వాళ్ళు అక్కరలేనిదానికీ డబ్బు కట్టాలి, లేదా అసలే మానుకోవాలి.

మరి ఆటలకే ఇంత గిరాకీ ఎందుకూ? ఆట మల్లెపూల వంటిది. సాయంత్రం ఉన్న విలువ మర్నాడు ఉండదు. సినిమా రేపు చూడొచ్చు, మ్యాచి ఇప్పుడే చూడాలి. అందుకే ప్రసార హక్కుల కోసం కంపెనీలు అంతగా పోటీ పడతాయి. 2022లో జరిగిన వేలంలో, 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ళ ఐ.పి.ఎల్. హక్కులు 48,390 కోట్లకు పోయాయి. టీవీ హక్కులు ఒక కంపెనీకి, మన దేశంలో ఫోన్లలో చూపే హక్కులు మరో కంపెనీకి దక్కాయి. 2023, 2024లలో జియోసినిమాలో ఉచితంగా చూశాం. 2024 నవంబరులో ఆ రెండు వ్యాపారాలూ ఏకమయ్యాయి, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది, దాంతోపాటే చందా కూడా. పోనీ ఒక్క యాప్‌తో సరిపోతుందా అంటే అదీ లేదు. 2025లో మనవాళ్ళు ఇంగ్లండులో ఆడిన టెస్టులు జియోహాట్‌స్టార్‌లో వస్తే, ఆసియా కప్ సోనీలివ్‌లో వచ్చింది.

కేబుల్ తీసేసేవాళ్ళు ఎక్కువగా ఉన్న అమెరికాలోనూ ఇదే కథ. 2025 ఆగస్టులో ఈ.ఎస్.పి.ఎన్. నెలకు 29.99 డాలర్లకు, ఫాక్స్ వన్ 19.99కు విడిగా వచ్చాయి. కొద్ది వారాలకే రెండూ కలిపి 39.99కు దొరికాయి. అంటే తెంచుకున్న గంపను మళ్ళీ అల్లారన్నమాట! అక్కడి మన తెలుగువాళ్ళు క్రికెట్ కోసం విల్లో లాంటి ఛానలుకు వేరే కట్టుకుంటారు.

ఇహ మనం చేయవలసింది చెబుతాను. ఒక కాగితం మీద ఎవరికి ఏ ఆట కావాలో, అది ఏ నెలల్లో వస్తుందో, ఏ యాప్‌లో వస్తుందో రాసుకోండి. 2025లో జియోహాట్‌స్టార్ టీవీలో కూడా చూసే సూపర్ ప్లాను మూడు నెలలకు 299, ఏడాదికి 899 ఉండేది. ఒక్క ఫోనులోనే చూసేదైతే అప్పుడు మూడు నెలలకు 149. ఐ.పి.ఎల్. రెండు నెలల పైచిల్లరే గనక అదొక్కటే చూసేవాళ్ళకు మూడు నెలలది చాలు, ఆ ధరల లెక్కన 600 మిగిలేది. ఏడాది పొడుగునా చూసే ఇంట్లోనైతే ఆ ధరల లెక్కన నాలుగుసార్లు 299 కట్టేకంటే ఒకేసారి 899 కట్టడమే నయంగా ఉండేది. కట్టేముందు మీ ఫోను రీఛార్జితో ఆ యాప్ ఉచితంగా వస్తోందేమో అడగండి. కట్టిన రోజే ఆటోపే ఆపించండి.

ఇంకో మాట. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన ఆటల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. ఫ్రీడిష్‌కు నెల చందా లేదు. కేబులే ఉంచుకుంటే, కావలసిన ఛానళ్ళను విడిగా ఎంచుకునే వీలు 2019 నుంచీ ఉంది.

ఆటలు చూడడం మానమని నేననను. 2025 నవంబరు 2న మన ఆడపిల్లలు ప్రపంచ కప్ గెలిచినప్పుడు, ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నప్పుడు, చూడకుండా ఎలా ఉంటాం? ఆట మగవాళ్ళదీ కాదు, దాని లెక్క పిల్లలకు వదిలేసేదీ కాదు. నేను రెండు చందాలు ఆపించాను. అత్తయ్యగారి కళ్ళజోడుకు బయానా ఇచ్చాం.