గిటార్‌లో మొండికేసిన స్క్రూ

సికింద్రాబాద్‌కు గిటార్ కొత్త కాదు. కంటోన్మెంట్ చర్చిల్లోనూ, లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాల్లోనూ అది తరాలుగా వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఆదివారం ఆరాధనల నుంచి కాలేజీ ఫెస్టుల దాకా ఎలక్ట్రిక్ గిటార్ లేని వేదిక అరుదు. వాయించేవాళ్లు పెరిగారు. దాన్ని విప్పి బాగుచేయడం తెలిసినవాళ్లు మాత్రం అంతగా పెరగలేదు.

ఈ వాద్యంలో సగం చెక్క పని, సగం ఇనుప పని. లియో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌నే తీసుకుందాం. మెడను ఒంటికి నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. తీగలు ఆనే ఆరు శాడిళ్లకు ఎత్తు సరిచేసే సన్నని స్క్రూలు పన్నెండు. ఇవాళ్టి మోడళ్లలో ముందున్న ప్లాస్టిక్ పలకకు పదకొండు. మిగతా స్క్రూలు కూడా కలిపితే ముప్పై పైమాటే. చేతి చెమటలోని ఉప్పు, వానాకాలపు తేమ కలిసి ముందుగా శాడిల్ స్క్రూలకు తుప్పు పట్టిస్తాయి. ఒకరోజు తిప్పబోతే డ్రైవర్ గిర్రున జారిపోతుంది. గాడి అరిగి, స్క్రూ తల నున్నగా మిగులుతుంది.

నేరం తుప్పుదే అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు పనిముట్టుది. మనం స్టార్ అని పిలిచే గాడికి అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందాడు. కెడిలాక్ కార్ల తయారీతో అది పరిశ్రమలోకి వచ్చింది. దాని గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బలం ఎక్కువైతే డ్రైవర్ పైకి తన్నుకొస్తుంది. జపాన్ వాళ్ల జిస్ ప్రమాణం చూపుకు అలాగే ఉన్నా కొలతలు వేరు. ఫిలిప్స్ డ్రైవర్ అందులో పూర్తిగా దిగదు. పాత జపాన్ గిటార్లకు, ఆ దేశపు సాంకేతికతతో వచ్చిన బైకులకు ఉన్న ఇబ్బంది ఒక్కటే.

అలెన్ కీ కథ ఇంకా సున్నితం. ఆసియాలో తయారయ్యే గిటార్ల శాడిల్ స్క్రూలకు సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల కీ పడుతుంది. అమెరికన్ ఫెండర్లలో చాలావాటికి అంగుళంలో 0.050 వంతు, అంటే 1.27 మిల్లీమీటర్లు. పెద్ద స్క్రూలో చిన్న కీ పెట్టి తిప్పితే ఆరు మూలలూ ఒక్కసారికే గుండ్రమైపోతాయి.

అరిగిపోయాక ఏం చేయాలి? ముందు ఆగాలి. ఇంకోసారి తిప్పి చూద్దామన్న తొందరే మిగిలిన గాడిని తినేస్తుంది. తీగలు వదులు చేసి, స్క్రూ చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి, మెత్తని ఉపాయం నుంచి మొదలుపెట్టాలి. మెడ స్క్రూలకు సాధారణంగా రెండో నంబరు ఫిలిప్స్, ట్యూనింగ్ పెగ్‌ల చిన్న స్క్రూలకు ఒకటో నంబరు సరిపోతాయి. ముక్కు అరగని కొత్త డ్రైవర్‌తో నిలువుగా గట్టిగా నొక్కి, నెమ్మదిగా తిప్పితే కొన్ని అక్కడే లొంగుతాయి. లేకపోతే గాడిలో కాస్త వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాయాలి. ఇంజన్ వాల్వులు రుద్దే గరుకు పేస్ట్ ఇది. ఆటో స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది. ఆ గరుకుదనమే డ్రైవర్‌కు పట్టునిస్తుంది.

ఇనుములో బిగిసిన స్క్రూకు తుప్పు వదిలించే నూనె మంచి మందు. అయితే స్ప్రేను గిటార్ మీదే కొట్టకూడదు. చెక్క నూనె పీలిస్తే మచ్చ పడుతుంది, తర్వాత జిగురు పట్టదు. దూది పుల్లతో ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. చెక్కలో బిగిసిన స్క్రూకైతే వేడి మేలు. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలకు కాసేపు ఆనిస్తే లోపలి జిగురో లక్కో మెత్తబడి పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ పలక మీద మాత్రం ఈ పని వద్దు, కరుగుతుంది.

తల పైకి ఉంటే చిన్న ప్లయర్‌తో పక్క నుంచి పట్టి తిప్పవచ్చు. గుండ్రమైన అలెన్ రంధ్రంలో కాస్త పెద్దదైన, ఆరు మొనల టార్క్స్ బిట్‌ను బిగుతుగా దించితే అది కొత్త అంచులు కోసుకుంటుంది. శాడిల్‌ను విడిగా తీసుకున్నాకే ఆ బిట్‌ను సుత్తితో తట్టాలి.

ఇవేవీ పనిచేయకపోతే డ్రిల్. ఎడమ వైపు తిరిగే బిట్ దొరికితే తొలుస్తుండగానే స్క్రూ బయటికి రావచ్చు. లేదంటే తల వరకు తొలిచేసి, పలక తీశాక మిగిలిన కాడను ప్లయర్‌తో తిప్పాలి. పెగ్ స్క్రూ మేపుల్ చెక్కలో విరిగిపోతే బోలు బిట్‌తో చుట్టూ కోసి తీసి, ఆ రంధ్రంలో చెక్క బిరడా జిగురుతో దించాలి. చేయి తిరగనివాళ్లు ఈ దశలో పనిమంతుడికి అప్పగించడమే మంచిది.

మెకానిక్ షెడ్లలో సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటుంది. ఇంజన్ కేసు తట్టుకునే ఆ దెబ్బకు గిటార్ చెక్క పగులుతుంది. దాన్ని దగ్గరకు రానివ్వకూడదు.

కొత్త స్క్రూ కోసం రాణిగంజ్ హార్డ్‌వేర్ వీధికి వెళ్లేవాళ్లు పాతదాన్ని జేబులో వేసుకుని వెళ్లాలి. శాడిల్ స్క్రూలలో ఎం3 మర వేరు, అంగుళాల కొలతలోని 4-40 మర వేరు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని చోట మరొకటి పట్టదు. చెక్కలోకి వెళ్లే స్క్రూ మరలకు, వడ్రంగులు చేసినట్టే, కాస్త సబ్బు రుద్ది బిగించండి. వాయించిన ప్రతిసారీ శాడిళ్లు ఉండే బ్రిడ్జిని పొడి గుడ్డతో తుడవండి.