ఒక్క రోజు బందరులో: ఓడలు పోయాయి, పనితనం ఉంది

పరీక్షలయ్యాయి, ప్లేస్‌మెంట్ కబురు ఇంకా రాలేదు. ఫోన్ చూస్తూ కూర్చునే బదులు ఒక రోజు మచిలీపట్నం, అదే మన బందరు, వెళ్లి రండి. విజయవాడ నుంచి సుమారు 70 కి.మీ. బస్సుంది, గుడివాడ మీదుగా రైలూ ఉంది. నేర్చుకున్న పనికి రేపు గిరాకీ ఉంటుందా అన్న బెంగ మీకుంటే, నాలుగు వందల ఏళ్లుగా అదే ప్రశ్న ఎదుర్కొంటున్న ఊరిది.

రైల్లో వెళ్తే బందరు కంటే ముందే పెడన వస్తుంది. అక్కడ దిగండి. కలంకారీ అద్దకం షెడ్లలో అనుమతి అడిగి, పని చూడండి. గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లే నల్లరంగు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అప్పటికి ఎరుపేమీ కనిపించదు. గుడ్డను రంగునీళ్లలో ఉడికించాకే పటిక ఉన్నచోట రంగు పడుతుంది. అచ్చు జరిగిందో లేదో తేలేదీ అప్పుడే. వానల్లో ఆరబెట్టడం కష్టం కాబట్టి ఎండ కాసే పనిరోజు చూసుకుని వెళ్లండి.

ముఖ్యంగా ఇలాంటి గుడ్డల కోసమే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఇక్కడికొచ్చారు. బందరుకోటలో డచ్చి సమాధులు చూడొచ్చు. రాళ్ల మీద వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు ఇంకా ఉన్నాయి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని బలి తీసుకుంది. రేవుకు పాత వైభవం మళ్లీ రాలేదు. అద్దకం మాత్రం మిగిలింది.

తర్వాత కూడా ఈ ఊరు ఊరుకోలేదు. పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఇక్కడే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమైంది. ఇప్పుడా యూనిట్ రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేస్తోంది. లోపలికి వెళ్లలేం గానీ, ఇంజినీరింగ్ వాళ్లు గుర్తుంచుకోవాల్సిన పేరు. బోర్డు మీద పేర్లు మారాయి, చేతిలో పని తెలిసినవాళ్ల అవసరం మారలేదు.

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చూసి, సాయంత్రానికి మంగినపూడి బీచ్ చేరండి. ఊరికి 11 కి.మీ. దూరం. ఆ తీరంలోనే కొత్త ఓడరేవు కడుతున్నారు. తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు మరవొద్దు. శనగపిండితో చేసినదాన్ని దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యితో చుడతారు. అందుకే దాన్ని తొక్కుడు లడ్డు అంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంటికొచ్చాక ఒక పని చేయండి. పెడనలో చూసిన అద్దకాన్ని పది వాక్యాల్లో రాయండి: ముందు ఏది, తర్వాత ఏది, ఎందుకు, ఎక్కడ పాడవుతుంది. తెలియని మనిషికి రెండు నిమిషాల్లో చెప్పి చూడండి. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అన్నప్పుడు వాళ్లు వినాలనుకునేది కూడా ఇదే.