వేషములో యథార్థత: గుస్సాడీ అలంకరణ అంగాల పరిశీలన

వేషధారణ మానవ సమాజములో అతి ప్రాచీనమైన కళ. మన తెలుగునాట యక్షగానము, వీధిభాగవతము, పగటివేషము దానినే ఆశ్రయించి బ్రతికినవి. మొహర్రం దినాలలో తెలంగాణ పల్లెలలో పీరుల ముందు ఆడే పులివేషం మన పాఠకులు ఎరుగనిది కాదు. ఒంటిపై పసుపు, దానిపై నల్లని చారలు, వెనుక ఒక తోక ఉన్న చాలును. చూచేవాడు అది పులియేనని ఒప్పుకొనును. మిగిలినది అతని ఊహ పూరించును. ఇది సూచనపై నిలిచిన వేషం.

ఇందుకు భిన్నమైన వేషము మరొకటి కలదు. అందులో ప్రతి అంగము మూలముతో సరిపోవలెను. ఒకటి తప్పినను వేషము తప్పినట్లే. గుస్సాడీ వేషం ఈ రెండవ కోవకు చెందినది. ఇది మన కళాశాలల వార్షికోత్సవ వేదికలపై తరచుగా కనిపిస్తున్నది. కావున ఆ వేషాన్ని ఎట్లు కూర్చవలెనో, ఏ అంగాన్ని దేనితో చేయవలెనో, అసలు చేయవచ్చునో లేదో విద్యార్థులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ వ్యాసం రాస్తున్నాము.

తెరమీది సైనికుడు

ముందుగా ఒక దూరదేశపు ఉదాహరణ. 1977లో ‘స్టార్ వార్స్’ అనే అమెరికన్ చలనచిత్రం వెలువడినది. అందులో నక్షత్ర సామ్రాజ్యపు సైనికులు తలనుండి పాదము వరకు తెల్లని కవచముతో కనిపిస్తారు. ఆ కవచం లోహం కాదు. పలుచని ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అచ్చుపై పరచి, గాలిని లాగివేసినచో రేకు అచ్చు ఆకారాన్ని పొందును. అట్లు తీసిన ముక్కలను పట్టీలతో ఒంటికి బిగించినారు. సైనికుని చేతి తుపాకి కూడ కొత్తగా కల్పించినది కాదు. బ్రిటిషువారి స్టెర్లింగ్ అనే తుపాకికే కొన్ని ముక్కలు అతికించినారు. ఆ స్టెర్లింగ్ నమూనాపైనే కాన్పూరు ఆయుధ కర్మాగారంలో మన దేశపు కార్బైన్ తయారైనది.

ఈ చిత్రాన్ని అభిమానించినవారు ఆ కవచాన్ని ఇంట తయారుచేసికొనుట ప్రారంభించినారు. 1997లో అమెరికాలో అట్టివారు ‘501వ దళం’ అనే సంఘంగా ఏర్పడినారు. ఇందులో చేరుటకు ఉత్సాహం ఒక్కటే చాలదు. శిరస్త్రాణపు వంపు, నడుము పట్టీ, చేతి తొడుగు ఎట్లుండవలెనో వ్రాతపూర్వకమైన నియమాలు ఉన్నవి. ఛాయాచిత్రాలు పంపి ఆమోదం పొందవలెను. విచిత్రమేమనగా, చిత్రానికి వాడిన శిరస్త్రాణం చేతితో మలచిన అచ్చునుండి తీసినది గనుక దాని కుడి ఎడమలు సరిసమానంగా లేవు. శ్రద్ధగల అభిమాని ఆ వంకరను సరిదిద్దడు. దానిని కూడ యథాతథంగా అనుసరించును. అతనికి కొలబద్ద తెరమీద కనిపించిన బొమ్మ. తెరపై ఉన్నదే ఒప్పు, లేనిది తప్పు.

ఈ శిరస్త్రాణం న్యాయస్థానానికి కూడ వెళ్లినది. అది శిల్పమా, కాదా అన్న ప్రశ్నపై 2011లో బ్రిటన్ సుప్రీం కోర్టు అది శిల్పం కాదని, చిత్రనిర్మాణంలో ఉపయోగపడిన ఒక వస్తువని తీర్పు చెప్పినది. ఈ మాటను గుర్తుంచుకొని మన జిల్లాకు వత్తము.

దండారి, గుస్సాడీ

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైనది. ఈ ప్రాంతపు అడవిపల్లెలలో నివసించే రాజగోండులకు దండారి ముఖ్యమైన పండుగ. ఆశ్వయుజ పూర్ణిమతో ఆరంభమై దీపావళి వరకు ఇది సాగును. ఒక ఊరి యువకులు దళంగా కూడి మరొక ఊరికి ఆడుటకు వెళ్తారు. ఆ ఊరు వారికి విందు పెట్టి గౌరవించును. ఊరికి ఊరికి నడుమ స్నేహాలు, వియ్యాలు కుదిరే సమయం ఇదే. ఈ దండారి దళంలో ప్రత్యేక వేషంతో ఉండే కొద్దిమందియే గుస్సాడీలు. దండేపల్లి మండలం గుడిరేవు వద్ద గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో ఆలయానికి ఈ దళాలు దీపావళికి ముందు తరలివచ్చును.

గుస్సాడీ వేషం ధరించినవాడు ఆ దినాలలో మామూలు మనిషి కాడు. దేవత అతనిని ఆవహించినదని గోండులు విశ్వసిస్తారు. అతని చేతికర్ర తాకిన రోగం పోవునని నమ్మిక. అందువలన అతడు పండుగ ముగియువరకు నియమంలో ఉండును. స్నానం చేయడు, చెప్పులు తొడగడు. పండుగకు ముందు వేషపు వస్తువులకు, వాద్యాలకు పూజ జరుగును. చివర ‘కొలాబోడి’ అనే తంతుతో వేషం దిగును. బ్రిటన్ కోర్టు వస్తువని తేల్చిన శిరస్త్రాణానికీ, ఇక్కడ పూజలందుకొనే కిరీటానికీ గల అంతరం ఇదియే.

అంగాల ఎంపిక

కిరీటం: గుస్సాడీ వేషంలో మొదట కంటికి కనిపించేది నెమలి ఈకల కిరీటం. ఈకల కాడలను కట్టలుగా చేర్చి, పైకి పోనుపోను విచ్చుకొనేటట్లు బిగిస్తారు. అడుగున తలకు పట్టుకొనే గుడ్డపట్టీ, దానిపై అద్దపు బిళ్లలు, రంగుల అలంకారం ఉండును. ఈ కట్టు సడలినచో ఎగిరి ఆడే మనిషి తలపై కిరీటం నిలువదు. కావున అందం కంటె ముందు చూడవలసినది దాని బిగింపు.

కొందరు అట్టముక్కలకు ఆకుపచ్చ, నీలి రంగులు పూసి ఈకలుగా వాడుతున్నారు. ఇది ఎందుకు తేలిపోవునో శాస్త్రం చెప్పుచున్నది. నెమలి కన్నులోని నీలం రంగుద్రవ్యం వలన వచ్చినది కాదు. ఈకలోని సూక్ష్మమైన పోచలలో నల్లని కణికలు ఒక క్రమంలో అమరి, తమపై పడిన వెలుగును ఆయా రంగులుగా తిప్పి పంపును. చూచే కోణం మారినకొలది రంగు మారును. నర్తకుడు తల తిప్పినపుడెల్ల కిరీటం మెరయుటకు కారణం ఇదే. అట్టపై పూసిన రంగు కదలదు. కావున ఆ వేషం కూడ కదలనట్లే కనిపించును.

మరి ఈకలు ఎక్కడివి? నెమలి 1963 నుండి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అత్యున్నత రక్షణ ఇచ్చినది. దానిని చంపుట నేరం. అయితే మగ నెమలి వానకాలపు జత కట్టే రుతువు ముగియగానే తన పింఛాన్ని తానే రాల్చివేయును. ఒక్క పింఛంలో సుమారు 150 నుండి 200 ఈకలు ఉండును. ఇట్లు సహజంగా రాలిన ఈకలను దేశంలో వాడుకొనుటకు చట్టం అడ్డు చెప్పదు. విదేశాలకు పంపుటకు మాత్రం వీలులేదు. కావున ఏరి తెచ్చిన ఈకతో చేసిన కిరీటమే శాస్త్రానికీ, సంప్రదాయానికీ, చట్టానికీ సమ్మతమైనది. కవ్వాల్ అడవి 2012లో పులుల సంరక్షణ కేంద్రమైన తరువాత ఈ మెలకువ మన ప్రాంతంవారికి మరింత అవసరం.

కొమ్ములు: కిరీటానికి ఇరువైపుల జింక కొమ్ములో, పొట్టేలు కొమ్ములో అమర్చుట వాడుక. జింక కొమ్ముల క్రయవిక్రయాలను చట్టం అనుమతించదు. వేదికకు కొమ్ములు కావలసినవారికి మన పొరుగునే ఉపాయం కలదు. నిర్మల్ బొమ్మల కళాకారులు వాడే పొణికి కర్ర మిక్కిలి తేలికైనది, ఉలికి లొంగునది. వారు ముక్కలను చింతగింజల పిండితో చేసిన లప్పంతో అతికి, నునుపు చేసి, రంగు వేస్తారు. ఆ పద్ధతిలో చెక్కిన కొమ్ము చూపునకు కొమ్మే. తలకు బరువు తగ్గును. ఏ జింకకూ హాని లేదు.

గడ్డము, చర్మము, బూడిద: గుస్సాడీకి కృత్రిమమైన గడ్డము, మీసములు ఉండును, భుజాన మేకచర్మం వ్రేలాడును, ఒంటినిండ బూడిద, దానిపై చుక్కలు, గీతలు. వేదికపై బూడిదకు బదులు తెల్లరంగు పూయుట పొరపాటు. రంగు దీపాల కాంతిలో నిగనిగలాడును. బూడిద వెలుగును మింగి ఒంటికి మట్టి గుణం ఇచ్చును. పైన మెరిసే కిరీటం, కింద మెరయని దేహం — ఈ వైరుధ్యంలోనే ఆ వేషపు గాంభీర్యం ఉన్నది. జల్లెడ పట్టిన కట్టెల బూడిద ప్రతి ఇంటా దొరకును గదా!

గజ్జెలు: గుస్సాడీని కంటితో చూచుటకు ముందు చెవితో వింటాము. రేకు గజ్జె గలగలమనును గాని మ్రోగదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు ఇత్తడిని పోతపోయు విధానం ప్రసిద్ధమైనది. మట్టి దిమ్మపై తేనెమైనపు తీగలు చుట్టి, పైన మరల మట్టి పూసి కాల్చినచో మైనం కరిగి పోవును. ఆ ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అచ్చు గనుక ఏ రెండు గజ్జెలూ ఒక్కతీరున మ్రోగవు. ఈ ఆదిలాబాద్ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గజ్జెలు నాలుగు కొన్నచో వేషం నిండును, ఒక కుటుంబం చేతిపని నిలుచును.

కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది?

నక్షత్రసైనికుని వేషానికి చలనచిత్రమే సాక్ష్యం. ఎన్ని ఏండ్లు గడచినను ఆ తెరబొమ్మ మారదు. గుస్సాడీకి అట్టి తెర లేదు. 1940 దశకంలో మార్లవాయిలో నివసించిన హైమన్‌డార్ఫ్ పండితుడు గోండుల పండుగలను పరిశీలించి, ఛాయాచిత్రాలు తీసి, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథం వెలువరించినారు. అవి విలువైన ఆధారాలే. కాని ఛాయాచిత్రం కట్టు ఎట్లు బిగించవలెనో చెప్పదు, అడుగు ఎక్కడ వేయవలెనో చెప్పదు. అది తెలిసినవారు మనుషులు. అదే మార్లవాయికి చెందిన శ్రీ కనకరాజు గారు తమ జీవితమంతయు గుస్సాడీని ఆడి, ఇతరులకు నేర్పి, 2021లో పద్మశ్రీ పొందినారు. 2024 అక్టోబరులో వారు కన్నుమూసినారు. అట్టి పెద్దలు ఒక్కొక్కరు తరలిపోయినకొలది ‘ఇది ఒప్పు, ఇది తప్పు’ అని చెప్పగల కంఠాలు తగ్గుచున్నవి.

అసలు ప్రమాదం ఇక్కడనే ఉన్నది. పండుగ సంవత్సరానికి ఒక్కమారు, అడవిపల్లెలో. వేదిక ప్రదర్శన పట్టణంలో, ఎప్పుడు కావలెనన్న అప్పుడు. చూచినవారి సంఖ్య పట్టణంలోనే ఎక్కువ. కొంతకాలానికి అట్ట కిరీటమే అసలైనదని, తెల్లరంగే బూడిద అని లోకం అనుకొనవచ్చును. చివరకు పట్టణంలో చదువుకొనే గోండు బాలుడు కూడ తన తాత వేషాన్ని వేదికమీది నకలుతో పోల్చి తప్పుపట్టే దినం రావచ్చును. నకలు మూలానికి కొలబద్ద అగుట కంటె కళకు వేరొక నష్టం లేదు.

అయితే విద్యార్థులు ఈ వేషం వేయరాదా? వేయరాదని మేము చెప్పము. వేషం అంగాలు అందరివీ కావచ్చును. వ్రతం మాత్రం గోండులది. వేదికపై అంగాలను శ్రద్ధతో, సరైన పదార్థంతో కూర్చుడు. పూజను, ఆవేశాన్ని, చేతికర్రతో రోగం పోగొట్టుటను అభినయించకుడు. ఆ కిరీటాన్ని నేలపై పడవేయకుడు. దానితో హాస్యం చేయకుడు. ప్రదర్శనకు ముందు ఒక గోండు పెద్దను పిలిచి, చూపి, దిద్దించుకొనుడు. మన కళాశాలలో ఆ ఊళ్ల విద్యార్థులు ఉన్నచో మొదటి మాట వారిదే కావలెను. కార్యక్రమ పత్రంలో ఇది గోండుల దండారి పండుగలోని వేషమని, ఎవరి వద్ద నేర్చితిమని ముద్రించుడు.

అమెరికన్ అభిమాని ఒక కల్పిత సైనికుని శిరస్త్రాణపు వంకరను గూడ భద్రపరచుటకు అంత శ్రమపడుచున్నాడు. మన పొరుగున సజీవంగా ఉన్న వేషానికి ఆ శ్రద్ధలో సగమైనను మనము చూపలేమా?