పట్టా కాగితమూ ఇంటి చరిత్రా

కుటుంబ చరిత్ర అనగానే మనకు వంశావళులు గుర్తుకు వస్తాయి. జమీందారుకు భట్రాజులున్నారు. పాలెగానికి కైఫీయతులున్నాయి. కరణానికి ఇంటినిండా కవిలెకట్టలే. కర్నూలు, కడప మెట్టల్లో తొలిసారి భూమి చేతికి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలకు ఏమున్నది? ట్రంకుపెట్టెలో మడతల దగ్గర చిరిగిన ఒక డి.కె.టి. పట్టా. సాహిత్య విద్యార్థి ఆ కాగితాన్ని చదవడం నేర్చుకోవాలి.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న మన్రో రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. సర్కారుకూ రైతుకూ నడుమ ఎవరూ ఉండరన్నది సిద్ధాంతం. ఆచరణలో నడుమ కరణం ఉన్నాడు, రెడ్డి ఉన్నాడు. వెట్టి చేసేవాడిని లెక్కల్లో రైతుగా ఎక్కించవలసిన అవసరం వాళ్లకు సాధారణంగా కనిపించలేదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమన్‌హీర్ 1891లో అంటరాని కులాల దుస్థితి మీద నివేదిక రాశాడు. మరుసటి ఏడు మద్రాసు ప్రభుత్వం ఆ కులాలకు బంజర్లు ఇవ్వడానికి ఉత్తరువులిచ్చింది. ఉత్తరువు మద్రాసులో పుట్టింది, గ్రామంలో దాన్ని అమలు చేయవలసింది మళ్లీ ఆ కరణమే!

అందుచేత చాలా ఇళ్లలో కథ పట్టాతో మొదలు కాదు. ముందు కంప కొట్టి బంజరు దున్నుకోవడం, దానిమీద సివాయిజమా కట్టడం, బీ మెమో అందుకోవడం. బీ మెమో అంటే సర్కారు భూమిని ఆక్రమించావని ఇచ్చే నోటీసు. అంటే సర్కారు కాగితం మీద ఆ ఇంటి పేరు మొదట ఎక్కింది హక్కుదారుగా కాదు, తప్పు చేసినవాడిగా. దర్ఖాస్తూ పట్టా ఆ తరువాత, కొన్నిసార్లు ఒక తరం తరువాత.

ఇక దక్కిన నేల సంగతి. నల్లరేగడి ఎవరి చేతుల్లో ఉన్నదో చెప్పనక్కరలేదు. వీళ్లకు వచ్చింది గుట్టవాలు, గరుసు నేల. రాళ్లు ఏరి గట్టు వేస్తే కొర్రా సజ్జా పండుతుంది, అదీ వాన కురిస్తే. రెండేళ్లు వరసగా కరువు వస్తే ఎద్దులు సంతకు పోతాయి. ఎద్దులు లేనివాడు చేనిని గుత్తకు ఇస్తాడు. పట్టా ఒకరిదీ పంట మరొకరిదీ అయ్యే తీరు ఇది. 1954 తరువాత ఇచ్చిన అసైన్డు భూములను అమ్మరాదన్నారు. 1977 చట్టం, అలా చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించే వీలు కూడా కల్పించింది. నోటిమాట మీద నడిచే గుత్తను ఏ చట్టం పట్టుకోగలదు?

సముద్రాల అవతల ఇలాంటి కథే ఒకటి ఉన్నది. 1862 హోంస్టెడ్ చట్టం అమెరికాలో 160 ఎకరాలు ఇస్తానన్నది. అయిదేళ్లు కాపురముండి, సాగుచేసి, సాక్షులతో రుజువు చెప్పుకోవాలి. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారు 1877లో కాన్సస్‌లో నికోడీమస్ అనే ఊరు కట్టుకున్నారు. బానిసగా పుట్టిన తండ్రికి కొడుకైన ఆస్కార్ మిషో దక్షిణ డకోటాలో సేద్యం చేసి, ఆ అనుభవంతో 1913లో, 1917లో నవలలు రాశాడు. రెండోదాన్ని 1919లో తానే సినిమా తీశాడు. (ఆయన దున్నిన నేల అంతకుముందు సూ తెగవారిది. ఈ సంగతి కూడా మరవకూడదు.) భేదం ఒకటి గమనించాలి. అక్కడ రుజువైతే సంపూర్ణ హక్కు వచ్చేది, ఇక్కడ అనుభవించే హక్కే వచ్చింది. కానీ అక్కడి రైతు కథ నవలకెక్కింది. మన కరువు కథల్లో తరచుగా కనిపించేది చితికిపోతున్న పాత రైతు. కొత్తగా రైతైన దళితుడి ఇల్లు అరుదు.

రాయడానికి సామగ్రి లేక కాదు. అడంగళ్లున్నాయి, రీసెటిల్‌మెంటు రిజిస్టర్లున్నాయి, మిషన్ చర్చీల జ్ఞానస్నానపు పుస్తకాలున్నాయి. కానీ అవన్నీ మగవాడి పేరు చుట్టూ తిరుగుతాయి. కడప జిల్లాలో ఒక విద్యార్థి తన జేజిని, "జేజీ, ఈ చేను ఎవురు చేసినారు?" అని అడుగుతుంటే పక్కనే ఉన్నాను. "పట్టా మీ జేజినాయన పేరుతోనే ఉండాది నాయనా. రాళ్లేరింది నేను" అన్నది. ఈ రెండో వాక్యం ఏ రిజిస్టరులోనూ దొరకదు.

ఇప్పుడిది సాహిత్యానికే పరిమితమైన విషయం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ, ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంటు భూములమీద అసలు పట్టాదారుకు, లేదా వారసులకు పూర్తి హక్కు ఇస్తానన్నది. 2024లో వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయని అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. పట్టా ఎవరికి ఏ ఏట ఇచ్చారు, వారసులెవరు, చేనులో ఉన్నదెవరు అన్న ప్రశ్నలు మళ్లీ తహసీల్దారు కచేరీకి వచ్చాయి. 1984లో కరణీకాలు పోయాయి, చేతులు మారిన లెక్కల్లో పేర్లూ తారుమారయ్యాయి. తాత పేరు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంటుంది.

కేతు విశ్వనాథరెడ్డి కడప ఊర్ల పేర్ల మీద పరిశోధన చేశారు. చేల పేర్ల మీద అలాంటి పని జరగవలసి ఉన్నది. గట్టుచేను, కంపచేను, రాళ్లచేను అని ఇంట్లో పిలుచుకునే ప్రతి పేరు వెనుకా ఒక ఏడు, ఒక కరువు, ఒక మనిషి ఉన్నారు. అడంగల్లో మాత్రం సర్వే నంబరే ఉంటుంది.