అధిక రక్తపోటు గలవారిలో ఆక్యుపంక్చర్ బిందువుల సున్నితత్వం - ఒక పరిశీలన

ముంజేతి లోపలివైపు, మణికట్టు ముడతకు సుమారు మూడు వేళ్ల వెడల్పు పైన ఉండే బిందువును చైనా వైద్యులు నెయ్‌గువాన్ అంటారు. వ్యాధి సోకినపుడు ఇటువంటి బిందువులు మేల్కొంటాయనీ, నొక్కితే నొప్పి పుడుతుందనీ ఆ సంప్రదాయం భావిస్తుంది. నొప్పి ఉన్న చోటునే చికిత్సాస్థానంగా గ్రహించాలన్న సూత్రం ప్రాచీన గ్రంథమైన లింగ్‌షూలో కనిపిస్తుంది. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ చెప్పిన 'అ-షి' బిందువులకు ఆ పేరు, నొక్కినపుడు రోగి నోట వెలువడే "ఆ, అదే!" అన్న మాట నుండి వచ్చింది.

ఈ భావనను అధిక రక్తపోటుకు అన్వయించేటపుడు ఒక చిక్కు ఎదురవుతుంది. రక్తపోటు పెరిగినవారికి నొప్పి సాధారణంగా తక్కువగా తెలుస్తుంది. దంతాలకు స్వల్ప విద్యుత్ ప్రేరణ నిచ్చి జమీర్, షుబర్‌లు 1980లో ఈ సంగతిని నమోదు చేశారు. తల్లిదండ్రులకు ఈ వ్యాధి ఉండి, తమకింకా రానివారిలోనూ ఇదే ధోరణి కనబడింది. మెడలోని కెరోటిడ్ ధమని గోడల్లో ఒత్తిడిని గుర్తించే నాడీ అంచులు మెదడు కాండానికి పంపే సంకేతాలు నొప్పిని అణచడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. రక్తపోటు గల రోగికి గుండెనొప్పి సైతం మందంగా తెలియవచ్చు గనుక ఇది కేవలం సిద్ధాంతచర్చ కాదు.

మరి ఒళ్లంతా నొప్పి మందగించినవారిలో కొన్ని బిందువులు మాత్రం సున్నితమవుతాయా? 2017లో కొరియా పరిశోధకులు 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఎలుకలపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. కదలనీయకుండా కట్టి రక్తపోటు పెంచిన ఎలుకల రక్తంలోకి ఇవాన్స్ బ్లూ రంగును ఎక్కించగా, చర్మంపై అక్కడక్కడ నీలిమచ్చలు తేలాయి. వాటిలో చాలావరకు ఆక్యుపంక్చర్ బిందువులతో సరిపోయాయి. ముఖ్యంగా మణికట్టు ప్రాంతంలో కనిపించాయి. ఆ చోట్ల నాడీ అంచుల నుండి సబ్‌స్టెన్స్ పి వంటి పదార్థాలు వెలువడి వాపును కలిగిస్తున్నాయని వారి వివరణ. ఫలితం ఆసక్తికరమే. అయితే ఎలుక చర్మంపై మచ్చ, మనిషి చెప్పే నొప్పి ఒకటి కావు.

బిందువు సున్నితమైనంత మాత్రాన అక్కడ సూది గుచ్చితే రక్తపోటు తగ్గుతుందని కూడా చెప్పలేము. 192 మందితో జరిపి 2006లో ప్రకటించిన అమెరికా పరీక్షలో అసలు చికిత్సకూ, బూటకపు చికిత్సకూ తేడా కనబడలేదు. 160 మందితో జరిపిన 2007 నాటి జర్మనీ పరీక్షలో కొంత తగ్గుదల కనబడినా, చికిత్స ఆపాక అది నిలువలేదు.

అందుచేత ఈ అంశంపై పరిశోధనకు పూనుకొనేవారికి వేలి ఒత్తిడి చాలదు. ఒత్తిడిని నెమ్మదిగా, ఒకే వేగంతో పెంచే ఆల్గోమీటరుతో, నొప్పి మొదలయ్యే క్షణాన్ని కొలవాలి. బిందువు పక్కనే, బిందువు కాని చోటునూ కొలిచి పోల్చకపోతే స్థానిక సున్నితత్వాన్ని ఒళ్లంతటి మందగింపు నుండి వేరుచేయలేము. రోగి వాడే మందులను నమోదు చేయాలి. నొక్కేవారికి రోగి రక్తపోటు అంకె తెలియరాదు. నొప్పే రక్తపోటును పెంచుతుంది గనుక, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, నొక్కడానికి ముందే దానిని వేరొకరు కొలవాలి.