శ్రవ్యసాధనములు – జనుల తలంపుతీరు

లిపియు, ముద్రణమును, రేడియోయు భావమును చేరవేయు పనిముట్లు మాత్రమే యని తలంచుట సామాన్యము. కాని సాధనము తాను మోయు విషయముకంటె నెక్కువగా జనుల మనోవృత్తిని మార్చునని 1964లో మార్షల్ మెక్లూహన్ ప్రతిపాదించెను. ఈ సిద్ధాంతమును పరీక్షించుటకు సంగారెడ్డి జిల్లాలో ఇరుగుపొరుగుననున్న న్యాల్‌కల్, ఝరాసంగం మండలముల సీమ తగిన క్షేత్రము.

ఈ సీమ బీదరునకు చేరువ. తెలుగు, కన్నడము, ఉర్దూ ఇచటి పలుకుబడిలో కలసినవి. జొన్న, కొర్ర, కంది మొదలగు వానిని వానయాధారమున నొకే చేనిలో కలిపి పండించుట వాడుక. విత్తనమును బూడిదతోను వేపాకుతోను కలిపి దాచు నేర్పు గ్రంథములనుండి గాక పెద్దల నోటినుండి వచ్చినది.

రేడియో హైదరాబాదున 1935లోను, మదరాసు కేంద్రమున 1938లోను వెలసినది. నగరమునుండి వచ్చిన యా వాణి శిష్టభాషలో పలికెను. దానివలన లోకజ్ఞానము పెరిగెను. కాని దానినే నిత్యము వినువానికి, విద్య యన్నది వెలుపలినుండి వచ్చునదియే యనియు, తన పలుకు విద్యకు తగదనియు తోచుట సహజము.

ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2006లో ప్రభుత్వము స్వచ్ఛందసంస్థలకును ప్రసారాధికార మొసగెను. తత్ఫలితముగా 2008 అక్టోబరు 15వ తేదీన ఝరాసంగం మండలమందలి మాచ్‌నూరున, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో 'సంగం రేడియో' ప్రసార మారంభించెను. దానిని నడపినవారు పల్లెలలోని దళితస్త్రీలు.

యంత్ర మదియే; ఫలము వేరు. విత్తనములు, నాటువైద్యము, పండుగపాటలు ఊరివారి యాసలోనే వినబడినపుడు రెండు మార్పులు కలుగును. ఒక యింటి జ్ఞాపకము పలువురు పోల్చిచూచి తర్కింపదగిన విషయమగును. ఆ యాసయు శాస్త్రము చెప్పదగిన భాషగా గౌరవము పొందును. కావున తలంపును మలచుటలో సాధనముతోపాటు, అందు పలుకువా రెవరన్నదియు ముఖ్యమే. మెక్లూహన్ సిద్ధాంతమున కీ సవరణ యావశ్యకము.

అయినను వినబడిన మాట క్షణములో జారిపోవును; గ్రంథమునందువలె వెనుకకు మరలి పరిశీలించుటకు వీలులేదు. ధ్వనిముద్రణ మీ లోపమును కొంత తీర్చును. పలుకుబడితోపాటు స్వరమును, ఊనికను, విరామమునుగూడ నది నిలుపును. నిఘంటువుల కెక్కని పదములను, తాటియాకున కందని గేయములను వెదకు పండితులకు అట్టి ధ్వనిముద్రణములు తాళపత్రములతో సమానముగా నాదరింపదగినవి. పలికిన పెద్దలు గతించిన పిదప వానిని మరల సంపాదించుట యసాధ్యము.