ఫైబర్ పడవకు రెండో ఆయుష్షు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట ఆగుతుంది. ఆ 61 రోజులూ పడవలకు మరమ్మతుల కాలం. ఒడ్డెక్కిన పడవల మధ్య రంగు వెలిసి, అంచులు చిట్లి, ఇసుకలో ఒరిగి ఉన్న పాత ఫైబర్ పడవలూ కనిపిస్తాయి. వాటి పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఫైబర్ పడవ ఎలా పుట్టిందో, ఎలా తయారవుతుందో, ఎక్కడ పాడవుతుందో తెలిస్తే ఆ తీర్పు తొందరపాటని అర్థమవుతుంది. గాజునార, రెసిన్ కలిసి గట్టిపడిన పడవ ఒళ్లు దశాబ్దాలు నిలుస్తుంది. ముందుగా పాడయ్యేవి దాని లోపల పొదిగిన చెక్క, దానికి బిగించిన బోల్టులు. పైగా అది చేతులతో తయారైన వస్తువు. కాబట్టి చేతులతోనే దాన్ని మళ్లీ నిలబెట్టవచ్చు. వేట లేని రోజుల్లో, పిల్లలకు బడి సెలవులున్న ఆ వేసవిలోనే ఇంటిల్లిపాదీ కలిసి చేయదగిన పని ఇది.

ఫైబర్‌గ్లాస్ అనే ఈ పదార్థం కథ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మొదలైంది. 1932లో ఓవెన్స్-ఇలినాయిస్ అనే గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువ పరిశోధకుడు గాజు దిమ్మెలను అతికించే ప్రయత్నంలో ఉండగా, వేగంగా వీచిన గాలి కరిగిన గాజుకు తగిలి దాన్ని సన్నని పోగులుగా చీల్చింది. అక్కడే పనిచేస్తున్న గేమ్స్ స్లేటర్ ఆ ఆకస్మిక ఫలితాన్ని పరిశ్రమకు పనికొచ్చే పద్ధతిగా మార్చాడు. 1938లో ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ అనే ప్రత్యేక సంస్థే ఏర్పడింది. అదే దశాబ్దంలో కార్ల్‌టన్ ఎల్లిస్ అనే రసాయన శాస్త్రవేత్త పాలిస్టర్ రెసిన్లపై పేటెంట్లు పొందాడు. పోగులు ఒకచోట, జిగురు మరోచోట పుట్టాయి. రెండూ కలిశాక 1942లో అదే ఒహాయోలోని టొలీడోలో రే గ్రీన్ ఒక చిన్న తెరచాప పడవ చేశాడు. ఫైబర్‌గ్లాస్ పడవల్లో మొదటిదిగా సాధారణంగా దాన్నే చెబుతారు.

గాజు పెళుసు అని అందరికీ తెలుసు. కానీ వెంట్రుక కంటే సన్నని పోగుగా లాగినప్పుడు, పగుళ్లకు మూలమయ్యే లోపాలు దానిలో చాలా తగ్గిపోతాయి. అందుకే ఆ పోగు మామూలు ఉక్కు కంటే ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది. అయితే పోగు ఒంటరిగా నిలబడలేదు. మట్టిగోడలో వరిగడ్డి కలిపినట్టు, రెసిన్‌లో పోగులను ముంచి గట్టిపరిస్తే ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. ఇక్కడ పడవ చరిత్రను మలుపు తిప్పింది రెసిన్ గట్టిపడే తీరు. ద్రవరూపంలో ఉన్న పాలిస్టర్ రెసిన్‌కు కొద్దిగా కేటలిస్ట్ కలిపితే, అందులోని స్టైరీన్ అణువులు పొడవాటి అణుగొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. దీనికి కొలిమి అక్కర్లేదు, ప్రెస్ అక్కర్లేదు. మామూలు వేడిమిలోనే, ఒక అచ్చు, బ్రష్, రోలర్ ఉంటే చాలు. అందుకే ఈ విద్య ఫ్యాక్టరీ గోడలు దాటి సముద్రపు ఒడ్డున వేసిన షెడ్ల దాకా వచ్చింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత మన తీరంలో కొట్టుకుపోయిన తెప్పలు, నావల స్థానంలో ఫైబర్ పడవలు పెద్ద ఎత్తున దిగడానికీ ఇదొక కారణం.

పడవ ఒళ్లు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు గట్టి ఆధారం ఉంది. అమెరికా తీరరక్షక దళం 1950లలో చేయించిన 40 అడుగుల ఫైబర్‌గ్లాస్ గస్తీ పడవ ఒకదాని నుంచి పదేళ్లకు ఒకసారి, ఇరవై ఏళ్లకు మరోసారి ముక్కలు కోసి పరీక్షించారు. బలంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. మరి పాత పడవ ఎందుకు వదులవుతుంది? అమరం వైపు ఇంజిన్ తగిలించే పలకను, అంటే ట్రాన్సమ్‌ను, చాలా పడవల్లో ప్లైవుడ్ చుట్టూ ఫైబర్ పొరలు కప్పి చేస్తారు. బోల్టు రంధ్రాలను సరిగా మూయకపోతే వాటి గుండా నీరు చెక్కలోకి చేరుతుంది. తేమ సుమారు 20 శాతం దాటితే కుళ్లుతెచ్చే శిలీంధ్రాలు పని మొదలుపెడతాయి. పైన ఫైబర్ మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క పిండైపోతుంది. ఈ జబ్బును కనిపెట్టడానికి ప్రయోగశాల అవసరం లేదు. చిన్న సుత్తితో వరసగా తట్టితే గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట డబడబమంటుంది. ఇంజిన్ కింది కొసను పట్టుకుని ఊపినప్పుడు పలక వంగితే అనుమానం తీరినట్టే.

అతుకు వేసిన పడవ మళ్లీ అక్కడే విడిపోతుందన్నది తరచూ వినిపించే అభ్యంతరం. దీనిలో నిజముంది. తడి పొరపై తడి పొర వేసినప్పుడు రెండూ రసాయనికంగా ఒకటవుతాయి. ఎప్పుడో గట్టిపడిన ఒంటిపై కొత్త పొర వేస్తే అది కేవలం అంటుకుని ఉంటుంది. అందుకే మరమ్మతు శాస్త్రం అతుకును వెడల్పు చేసింది. పడవ మందం 6 మిల్లీమీటర్లైతే, పగులు అంచును పన్నెండింతలు, అంటే 72 మిల్లీమీటర్ల దూరం దాకా క్రమంగా వాలుగా అరగదీసి, ఆ వాలు మీద ఒక్కో పొర పేర్చాలి. భారం ఒకేచోట పడకుండా ఆ వాలంతా పంచుకుంటుంది. పాత ఒంటికి పాలిస్టర్ రెసిన్ కంటే ఎపాక్సీ రెసిన్ బాగా పట్టుకుంటుంది. పైపైన పుట్టీ పూసి రంగు వేసిన అతుకు విడిపోవడం చూసి, పద్ధతిగా వేసిన అతుకునూ కాదనడం న్యాయం కాదు.

ఇంకా బలమైన అభ్యంతరం ఇది: తీరరక్షక దళం పడవను కొలతల ప్రకారం కట్టారు, సునామీ తర్వాత హడావుడిగా చేసిన పడవలన్నీ అలాంటివి కావు. ఒప్పుకోవాలి. పొరలు తక్కువైనచోట, రెసిన్ చాలక గాజు పొడిగా మిగిలినచోట ఒళ్లంతా బలహీనమే. అందుకే బాగుచేయడానికి ముందు కోత పెట్టి చూడాలి. ఎలాగూ తీసేసే చోట చిన్న ముక్క కోస్తే మందం, పొరల సంఖ్య, పొడిబారిన గాజు కళ్లకే కనిపిస్తాయి. అడుగంతా మెత్తబడి, పొరలు విడిపోయిన పడవను వదిలేయడమే తెలివి. వెనక పలక, బల్లలు, అంచులు మాత్రమే పోయిన పడవను వదిలేయడం మాత్రం నష్టం. ఒళ్లు బాగుంటే కొత్తగా కొనాల్సింది దాదాపు మెరైన్ ప్లైవుడ్, రెసిన్, గాజునార మ్యాట్, స్టెయిన్‌లెస్ బోల్టులే. మిగతా ఖర్చంతా శ్రమ. ఆ శ్రమ కుటుంబం దగ్గర ఉంది.

కుటుంబం అనగానే పిల్లల క్షేమం గురించి అడగడం సబబే. స్టైరీన్ ఆవిరి తలతిప్పుతుంది, ఫైబర్ ధూళి చర్మాన్నీ ఊపిరితిత్తులనూ బాధిస్తుంది, కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. రెసిన్‌ను త్వరగా గట్టిపరిచే కోబాల్ట్ ద్రావణాన్ని కేటలిస్ట్‌తో నేరుగా కలిపితే పేలుతుంది. రెంటినీ వేర్వేరుగా రెసిన్‌లోనే కలపాలి. కాబట్టి అరగదీత, రెసిన్ పని పెద్దలవే. అదీ ఆరుబయట, తగిన మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు పెట్టుకునే. తట్టి చూసి గుర్తులు పెట్టడం, కొలవడం, మ్యాట్ కత్తిరింపుకు నమూనాలు గీయడం, సామాన్ల లెక్క రాయడం, చివర రంగుల ఎంపిక పిల్లల వాటా. మే నెల ఎండలో రెసిన్ గిన్నెలోనే వేడెక్కి గడ్డకడుతుంది. అందుకే తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ఎందుకలా అని పిల్లలు అడిగితే, వేడిమి పెరిగితే రసాయన చర్య వేగం పెరుగుతుందన్న పాఠం పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు.

చివరి కారణం మనందరికీ సంబంధించినది. గట్టిపడిన పాలిస్టర్ రెసిన్ మళ్లీ కరగదు. అందుకే పాత పడవను కరిగించి కొత్త పడవ చేయలేం. తగలబెడితే విషపు పొగ, వదిలేస్తే తీరంలో ముక్కలై ధూళి అవుతుంది. ఆయుష్షు తీరిన పడవలను సేకరించి విడదీయడానికి ఫ్రాన్స్ 2019లో ప్రత్యేక వ్యవస్థనే మొదలుపెట్టాల్సి వచ్చింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు వచ్చేదాకా, ఉన్న పడవను ఇంకొన్నేళ్లు నడిపించడమే దాన్ని చెత్త కాకుండా చూసే మంచి దారి. వచ్చే వేట విరామంలో మీ ఒడ్డున ఉన్న పాత పడవను అమ్మేసే ముందు, కాల్చేసే ముందు, ఒక సుత్తి తీసుకుని ఒళ్లంతా తట్టి చూడండి. ఒళ్లు ఖంగుమంటే, దాన్ని మళ్లీ నీళ్లలో దించే బాధ్యత తీసుకోండి.